ముందు ఎవరిని తరలించాలో వరద రాకముందే తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

తుపాను, వరద, భూకంపం వచ్చినప్పుడల్లా డాక్టర్లు, నర్సులు తిండీ నిద్రా మాని పనిచేశారని మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కానీ కరెంటు పోయి, లిఫ్టులు ఆగిపోయి, హెలికాప్టర్‌లో ఇద్దరికే చోటున్నప్పుడు ఏ ఇద్దరిని ఎక్కించాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? మామూలు రోజుల్లో దీని గురించి ఎవరూ నోరు విప్పరు. నా బాధంతా అదే.

2005 ఆగస్టు చివర్లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లోని మెమోరియల్ మెడికల్ సెంటర్‌ను వరద చుట్టుముట్టింది. జనరేటర్లు ఆగిపోయాయి. లోపల ఊపిరాడని ఉక్క. రోగులను మెట్ల మీదుగా దించి, గోడకున్న కంత గుండా పార్కింగ్ భవనంలోకి దాటించి, మళ్లీ పైన హెలిప్యాడ్ దాకా మోశారు. అంత శ్రమపడినవాళ్లే అప్పటికప్పుడు ఒక వరస పెట్టుకున్నారు: కాస్త బాగున్నవాళ్లు ముందు, జబ్బు ముదిరినవాళ్లు, డీఎన్ఆర్ (ఆగిన గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దనే) కాగితం ఉన్నవాళ్లు చివర. తర్వాత ఆ ఆసుపత్రిలో 45 మృతదేహాలు దొరికాయి. కొందరికి ప్రాణం పోయేంత మోతాదులో మందులిచ్చారన్న ఆరోపణపై 2006లో ఒక డాక్టరును, ఇద్దరు నర్సులను అరెస్టు చేశారు. మరుసటి ఏడాది గ్రాండ్ జ్యూరీ (కేసు విచారణకు తగినదో కాదో తేల్చే పౌరుల బృందం) ఆ డాక్టరుపై అభియోగాలు మోపడానికి ఒప్పుకోలేదు.

ఎవరిది తప్పో తేల్చడం నా ఉద్దేశం కాదు. నన్ను కలవరపెట్టేది ఆ డీఎన్ఆర్ సంగతి. గుండె ఆగిపోతే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయొద్దని రోగో, ఇంట్లోవాళ్లో చేసే సంతకం అది. నన్ను ఆఖరున తీసుకెళ్లండి అని దానర్థం కాదు. ఒక పని కోసం పెట్టిన సంతకాన్ని ఇంకో పనికి వాడటం అన్యాయం. అలసటలో, భయంలో, ముందే రాసిపెట్టుకున్న పద్ధతేదీ లేనప్పుడు అలాంటి నిర్ణయాలే వస్తాయి.

2012లో శాండీ తుపాను న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి బేస్‌మెంట్‌ను ముంచేసింది. అక్కడి ఇంధనం పంపులు నీట మునిగాయి. ఐసీయూలో సుమారు 50 మంది ఉంటే, కరెంటు వచ్చే ప్లగ్గులు ఆరే మిగలవచ్చన్నారు. అక్కడా టెన్షనే, అక్కడా చీకటే. అయినా వాళ్లు కమిటీగా కూర్చున్నారు, నైతిక నిపుణులనూ పిలిచారు, వెంటిలేటర్ల కొరత వస్తే ఏం చేయాలో రాష్ట్రం అంతకుముందే తయారుచేసిన మార్గదర్శకాలను ముందు పెట్టుకున్నారు. ఈలోగా సిబ్బంది మెట్ల మీద వరసగా నిలబడి 13వ అంతస్తులోని జనరేటర్‌కు చేతుల మీదుగా ఇంధనం అందించారు. అంత ఎత్తున జనరేటర్ పెట్టి, దాని పంపును కింద ఉంచడం ఇంజనీర్ల సంగతి మాత్రమేనా? కాదు. రోగి ప్రాణంతో ముడిపడిన నైతిక నిర్ణయమే అది కూడా.

అందరినీ కాపాడలేనప్పుడు కొందరిని ఎంచుకోక తప్పదని ప్రపంచ వైద్య సంఘం 1994లోనే విపత్తు వైద్యంపై ఇచ్చిన ప్రకటనలో ఒప్పుకుంది. నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ ఎంపిక మంచం పక్కన నిలబడిన ఒక్క డాక్టరు నెత్తిన పడకూడదు. వయసు, డబ్బు, పలుకుబడి అందులోకి రాకూడదు. విపత్తులో పనిచేసిన సిబ్బందిపై కేసులు పడకుండా చట్టం రక్షణ ఇవ్వాలని కొందరంటున్నారు, ఇవ్వండి. ఏ రోగి విషయంలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రెండు ముక్కలైనా రాసి ఉంచాలన్న షరతుతో ఇవ్వండి.

ఆసుపత్రికి లైసెన్సు ఇచ్చేటప్పుడు ఫైర్ మాక్‌డ్రిల్ గురించి అడిగినట్టే ఈ తరలింపు పద్ధతి గురించీ అడగాలి. దాన్ని రోగుల బంధువులకు కనిపించేలా పెట్టాలి. చివరి విడత దాకా ఆగాల్సిన రోగుల దగ్గర ఎవరు ఉంటారో, వాళ్లకు నొప్పి తగ్గించే మందు ఎవరు ఇస్తారో, ఇంట్లోవాళ్లకు కబురు ఎవరు చెబుతారో కూడా అందులో పేరుపేరునా రాసి ఉండాలి.

- ఒక పాఠకురాలు