రేట్లు మారుతున్నాయి, పాత స్ట్రీట్ ఫైటర్ మెషిన్ మాత్రం ఉంటుంది

కాకినాడలో మన గేమ్ షాపుకి వచ్చే అందరికీ నమస్కారం అండి.

ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) గంటకి 80 బదులు 100 రూపాయలు. ఇద్దరు కలిసి ఆడితే మనిషికి 60. అద్దె పెంచారు, వేసవిలో ఏసీ బిల్లు మీకు తెలియంది కాదు. మూలనున్న స్ట్రీట్ ఫైటర్ మెషిన్ (తెర మీద ఇద్దరు కొట్టుకునే పాత ఆట పెట్టె) మీద ఆట ఎప్పటిలాగే 10 రూపాయలు.

ఈ మాట అనగానే కుర్రాళ్లు ఒకటే సలహా ఇస్తున్నారు. "అన్నా, ఆ డొక్కు పెట్టె తీసేస్తే ఇంకో రెండు పీఎస్5లు పడతాయి కదా" అని. పడతాయి. మెషిన్ మీద వచ్చే డబ్బులు దాని బటన్లకీ స్టిక్కులకీ కూడా సరిపోవట్లేదు. అయినా తీయట్లేదు. వ్యాపారం లెక్కలో ఇది తెలివైన పని అని నేను కూడా అనను. కానీ ఎందుకు ఉంచుతున్నానో చెప్పాలి కదా, దాని ఖర్చులో కొంత మీ జేబులోంచే వస్తోంది మరి.

అందులో ఉన్నది సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో. క్యాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ వాళ్లు 1994లో వదిలారు. అసలు స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది 1991లో. అప్పుడు మనం ఎంచుకోగలిగినవాళ్లు ఎనిమిది మందే. టర్బోకి వచ్చేసరికి పదహారు మంది, ఆటలో దాచిపెట్టిన గౌకీ అనే ఫైటర్‌ని కలిపితే పదిహేడు. ఒక స్టిక్కు, ఆరు బటన్లు: మూడు గుద్దులకి, మూడు తన్నులకి. ఇందులో కొనాల్సింది ఏమీ లేదు. లెవెల్ పెంచుకోవడం, కొత్త డ్రెస్సులు, అప్‌డేట్లు, ఏవీ లేవు. తొంభైల్లో నాన్న నేర్చుకున్న హడోకెన్ (చేతుల్లోంచి నిప్పు బంతి వదిలే దెబ్బ) ఇవాళ కొడుక్కి కూడా అలాగే పడుతుంది: కిందకి, కింద ఐమూలకి, ముందుకి, గుద్దు.

కొత్తగా ఆడేవాళ్లు హడోకెన్ పడగానే ఆట వచ్చేసిందనుకుంటారు. అసలు ఆట ఇద్దరి మధ్య ఖాళీలో ఉంటుంది. కబడ్డీలో కూతకి వెళ్లినవాడు కాలు అందేంత దూరంలోకి వచ్చి, అందకుండా వెనక్కి జారి, అవతలివాడిని ఊరిస్తాడు చూడండి, అచ్చం అదే. అవతలివాడి ర్యూ (ఆటలో ఒక ఫైటర్) వంగి తన్నే తన్ను ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. మీరు ఆ గీతకి ఒక్క అడుగు ఇవతలే ఆగుతారు. అతను ఆగలేక తన్నుతాడు, కాలు గాలిలో పోతుంది. ఆ కాలు వెనక్కి వెళ్లేలోపు మీది తగలాలి. తెరంతా ఒకే అడ్డగీత కాబట్టి పక్కకి తప్పుకునే దారి లేదు. ముందుకి రావాలి, వెనక్కి పోవాలి, లేదా ఎగరాలి. ఎగిరితే గాలిలో దిశ మార్చుకోవడం దాదాపు కుదరదు. అందుకే ఎగరడమంటే పెద్ద జూదం. బాగా ఆడేవాళ్లు చాలా తక్కువగా ఎగురుతారు, గమనించండి.

వెనకాల నిలబడి చూసేవాడికి కూడా ఇదంతా కనిపిస్తుంది. ఎవరి బలం ఎంత మిగిలిందో పైన పసుపు గీత చెబుతుంది, టైము మధ్యలో ఉంటుంది. ఓడినవాడు నెట్ స్లో అయిందనలేడు, టీమ్ సరిగ్గా లేదనలేడు. పక్కనే భుజం తగిలేంత దూరంలో గెలిచినవాడు నిలబడి ఉంటాడు.

షాపులో రోజూ జరిగే గొడవ ఒకటుంది, పట్టుకుని విసరడం చీటింగా కాదా అని. కొందరు పెద్దవాళ్లు కూడా "గురువుగారూ, త్రో బ్యాన్ చెయ్యండి" అంటున్నారు. చెయ్యను. ఈ ఆటలో స్టిక్కు వెనక్కి పట్టుకుంటే దెబ్బ కాచుకోవచ్చు. విసరడం లేకపోతే కాచుకుంటూ కూర్చున్నవాడిని కదిలించే దారే ఉండదు. కాచుకునేవాడికి త్రో జవాబు. త్రో కోసం దగ్గరికొచ్చేవాడికి ముందే పడే దెబ్బ జవాబు. ఆ దెబ్బకి మళ్లీ కాచుకోవడం జవాబు. ఇందులో ఒక్కటి తీసేసినా మిగతా రెండూ చప్పబడిపోతాయి. పైగా టర్బోలో విసిరిన క్షణంలో సరిగ్గా నొక్కితే నష్టం తగ్గించుకునే వీలు కూడా పెట్టారు. అది నేర్చుకోండి, నేర్పమంటే నేర్పుతాను.

ఇంకో కోరిక, గాలిలోంచి హడోకెన్‌లు వేసే వెర్షన్ పెట్టమని. మూడు పదుల వయసు దాటినవాళ్లకి అది గుర్తుంటుంది. స్టార్ట్ నొక్కితే ఆట మధ్యలో మనిషే మారిపోయేవాడు, నిప్పు బంతులు వెంటపడి వచ్చేవి. అది క్యాప్‌కామ్ చేసింది కాదు, వాళ్ల స్ట్రీట్ ఫైటర్ 2లోనే ఒక వెర్షన్ అయిన ఛాంపియన్ ఎడిషన్‌ని మార్చి అమ్మిన దొంగ బోర్డు (బోర్డంటే ఆట ఉండే సర్క్యూట్ పలక). నవ్వుకోవడానికి ఓ పది నిమిషాలు బాగుంటుంది, కాదనను. దానికీ ఓ చరిత్ర ఉంది: అలాంటి బోర్డుల వేగానికి జనం అలవాటు పడుతుంటే, 1992 చివర్లో క్యాప్‌కామ్ కూడా ఆట వేగం పెంచి హైపర్ ఫైటింగ్ అనే వెర్షన్ వదిలింది. కానీ అందరూ ఎగురుతూ నిప్పులు కురిపిస్తుంటే, పైన చెప్పిన అడుగు ముందుకి, అడుగు వెనక్కి అనే పోరుకి చోటే ఉండదు. అందుకే పెట్టట్లేదు.

కుర్రాళ్లు గంటల తరబడి సాధన చేసే కాంబోలు (ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పడే దెబ్బలు) కూడా ఎవరూ ప్లాన్ వేసి పెట్టినవి కావు. మొదటి స్ట్రీట్ ఫైటర్ 2 తయారవుతున్నప్పుడు, కారు పగలగొట్టే బోనస్ స్టేజీలో తప్పులు వెతుకుతూ ఫునామిజు అనే ఆయన ఒక దెబ్బకి ఇంకో దెబ్బ అతుక్కోవడం గమనించాడు. అంత టైమింగ్ ఎవరికి కుదురుతుందిలే అని తీయకుండా వదిలేశారట. ఆ తర్వాత వచ్చిన ఫైటింగ్ గేములు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

ఇక రిపేరు సంగతి. పోయిన నెల మెషిన్ ఎందుకు ఆగిందని చాలామంది అడిగారు. ఈ ఆట నడిచేది సీపీఎస్-2 బోర్డు మీద. దొంగ కాపీలు రాకుండా ప్రోగ్రామ్‌ని తాళం వేసినట్టు దాచి, ఆ తాళంచెవి లాంటి కోడ్‌ని బ్యాటరీ మీద బతికే చిన్న మెమరీలో పెట్టారు. బ్యాటరీ చచ్చిపోతే కోడ్ పోతుంది, బోర్డు ఉన్నా ఆట రాదు. మనది అలాగే పోయింది. కొన్నేళ్ల క్రితం ఔత్సాహికులు ఆ కోడ్ మళ్లీ రాసే పద్ధతి కనిపెట్టారు కాబట్టి బతికింది. చెన్నైలో ఒక మెకానిక్ చేసి పంపారు. డబ్బులు గట్టిగానే అయ్యాయి.

పాత గాజు ట్యూబు టీవీ తీసేసి ఎల్‌సీడీ పెట్టమని కూడా అంటున్నారు. ఈ ఆట సెకనుకి సుమారు 60 బొమ్మలు చూపిస్తుంది, ఒక్కో బొమ్మ సెకనులో అరవయ్యో వంతు. ట్యూబు సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు గీసేస్తుంది. ఎల్‌సీడీకి మార్చే డబ్బా మధ్యలో కాస్త ఆలస్యం కలుపుతుంది. నేను పెట్టి చూశాను. రోజూ ఆడేవాళ్లు చెప్పకుండానే పసిగట్టి "స్టిక్కు బరువుగా ఉందేంటి" అన్నారు. ట్యూబు పనిచేసినన్నాళ్లు ట్యూబే. అది కాలిపోతే ఇంకోటి దొరుకుతుందని మాట ఇవ్వలేను, కొత్తవి తయారవడం లేదు.

వయసైపోయింది, ఇవన్నీ కుర్రాళ్లవి అనేవాళ్ల కోసం ఒక మాట. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కి బంగారు పతకం ఇచ్చారు. గెలిచింది దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ, వయసు 44. ఆ ఆటలో బొమ్మలు త్రీడీవే, కానీ పోరు మాత్రం మన మెషిన్‌లోలాగే ఒకే గీత మీద.

ఆటలో మన ఇండియా ఫైటర్ ధాల్సిమ్ గురించి కూడా చెప్పాలి. ఇండియా అనగానే పుర్రెల దండ, నిప్పులు కక్కే యోగి, వెనక ఏనుగులు! మొదట్లో నాకూ ఒళ్లు మండింది. కానీ చేతులు అంత దూరం సాగేవాడు ఆటలో ఇంకొకడు లేడు, కదలడం మాత్రం నెమ్మది. దూరం లెక్క తెలియకుండా అతనితో గెలవడం దాదాపు కుదరదు. అతన్ని నేర్చుకున్నవాళ్లు ఇంకెవరినీ ముట్టరు. మన షాపులో ప్రస్తుతం అలాంటివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లతో ఆడటం నాకే టెన్షన్.

శనివారం సాయంత్రం ఆరు నుంచి షాపు మూసేదాకా మెషిన్ మీద గెలిచినవాడు అక్కడే ఉండి ఆడే పద్ధతి. ఓడినవాడు లైను వెనక్కి. వరసగా అయిదు గెలిస్తే తప్పుకుని చోటివ్వాలి, లేకపోతే కొత్తవాళ్లకి వంతు రావట్లేదు. గౌకీని ఎంచుకోవడం ఆ రోజు కుదరదు, పోటీల్లో కూడా అతన్ని ఒప్పుకోరు. పదేళ్ల లోపు పిల్లలకి ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఉచితం, స్టూలు నేనే వేస్తాను.

ఎవరింట్లోనైనా, తెలిసినవాళ్ల దగ్గరైనా అటక మీద పాత గేమ్ బోర్డులు ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి నాకు చూపించండి. ఆన్ చేసి చూద్దామని కరెంటు మాత్రం పెట్టకండి.