ఆయమ్మకి, ఆ రాత్రి మాకు సాయం చేసిన అందరికీ

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యి వనస్థలిపురంలో ఇంటికి వచ్చాం. 11 రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. తప్పులుంటే క్షమించండి, ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేనేమో అని రాస్తున్నాను.

మా బాబుకి 8 ఏళ్లు. బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. ఉన్నట్టుండి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మూతి పక్కకి పోయింది. అమ్మా అని కూడా అనలేకపోయాడు.

మొదట వెళ్లిన ఆస్పత్రిలో ఫిట్స్ అన్నారు. ఇంజెక్షన్ చేసి, పొద్దున దాకా చూద్దామన్నారు. పక్షవాతమేమో అని నేనే అడిగితే "చిన్నపిల్లలకి పక్షవాతం ఏంటమ్మా" అన్నారు. అక్కడే రెండున్నర గంటలు పోయాయి. రెండో ఆస్పత్రిలో ఎమ్మారై అయ్యేసరికి రాత్రి 11 దాటింది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ పెద్దవాళ్లకైనా మామూలుగా స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారట, మాకు ఆ సమయం దాటిపోయింది. ఇక తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి గడ్డని లాగేయాలి, థ్రాంబెక్టమీ అంటారు అని చెప్పారు. డాక్టర్‌గారు ఏదీ దాచలేదు. 2015 నుంచి పెద్దవాళ్లలో ఇది బాగా రుజువైందని, పిల్లల మీద అంత పెద్ద ట్రయల్స్ జరగలేదని, పరికరాలు కూడా పెద్దవాళ్ల కోసం చేసినవేనని చెప్పి, సంతకం పెట్టే ముందు ఏమడిగినా ఓపిగ్గా జవాబిచ్చారు. ఆయనకీ, మత్తు డాక్టర్‌గారికీ, ఆ గొట్టం పంపే గది, క్యాత్‌ల్యాబ్ వాళ్లకీ చేతులెత్తి నమస్కారం.

కానీ నేను రాయాలనుకున్నది ఆయమ్మ గురించి.

ఎమ్మారైకి ముందు, వెండి బిళ్ల ఉందని సిస్టర్ బాబు మొలతాడు కత్తిరించారు. వాళ్ల నాయనమ్మ కట్టింది. అది ఎక్కడ పడిందో కూడా నేను చూడలేదు. రాత్రి 2 గంటలకి ఐసీయూ బయట నేల మీద కూర్చుని ఉంటే, ఊడ్చే ఆయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొంగుముడి విప్పి ఆ మొలతాడు నా చేతిలో పెట్టింది. తెగినచోట ముడి వేసి, బిళ్ల కడిగి తెచ్చింది. ఆమె డ్యూటీ ఎప్పుడో అయిపోయిందట. "పిలగాడు గట్ల పోతుంటే ఇంటికెట్ల పోతా" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ మాటతో బయటికి వచ్చేసింది, ఆమె భుజం మీద పడి ఏడ్చాను. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "పైసలొద్దు బిడ్డా. మంచిగైనంక బాబునే ఆ చేత్తో ఏమన్నా ఇయ్యమను."

నాలుగో రోజు వేళ్లు కదిలాయి. తొమ్మిదో రోజు వాడు కుడిచేత్తో ఆమెకి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడు. మొదటిసారి జారిపోయింది. ఆమె వంగి తీయలేదు, వాడే తీసి మళ్లీ ఇచ్చేదాకా చెయ్యి చాపుకునే నిలబడింది. పేరు రాస్తే డ్యూటీ అయ్యాక అక్కడెందుకున్నావని ఎవరైనా అడుగుతారేమోనని రాయడం లేదు.

మావారు, అత్తయ్య, తమ్ముడు ఎలాగూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లో స్ట్రోక్ గురించి నేను చూసిన ప్రతి హోర్డింగ్ మీదా ముసలివాళ్ల బొమ్మే. పిల్లలకి కూడా వస్తుందని ఒక్కచోటైనా రాయండి. ఆ రెండున్నర గంటలు నాకు ఇంకా మండుతూనే ఉన్నాయి. మాట ఇంకా తడబడుతోంది, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నెలల తరబడి ఉంటాయన్నారు. గడ్డ ఎందుకు వచ్చిందో ఇంకా వెతుకుతున్నారు.

మర్చిపోయాను, కారు తీసిన పై పోర్షన్ అన్నయ్యకి, మలక్‌పేట దగ్గర బండ్లు ఆపి దారి ఇచ్చిన కానిస్టేబుల్‌గారికి, మందుల షాపులో చిల్లర తర్వాత ఇవ్వమన్న అబ్బాయికి కూడా.

అయ్యో, ట్యూషన్ టీచర్‌గారూ! పెన్సిల్ జారిపోతోందని ముందు చూసింది మీరే. 6:30 అని నోట్‌బుక్ మీద టైమ్ రాసి పంపారు. రెండో ఆస్పత్రిలో డాక్టర్‌గారు అన్నిటికన్నా ముందు అడిగింది ఆ టైమే.