జారిపోయిన లెన్స్‌కు జిల్లాలో వైద్యం ఏదీ? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా పెద్దనాన్న కంటి విషయమై ఇచ్చిన అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు గనుక ఇలా అందరి ఎదుటా రాయవలసి వస్తున్నది.

శుక్లం ఉందని శిబిరంలో తేల్చారు, ఆపరేషన్‌కు కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాకముందే శుక్లం ముదిరిపోయింది. కంటిలోని లెన్స్‌ను చుట్టూ పట్టి ఉంచే సన్నని తంతువులు వయసు మీదపడినవారిలో, ముఖ్యంగా శుక్లం బాగా ముదిరినా, సూడో ఎక్స్‌ఫోలియేషన్ అనే జబ్బు ఉన్నా, బలహీనపడి తెగిపోతాయని మాకు తరువాత డాక్టర్లు చెప్పారు. పెద్దనాన్న కంటిలో అదే జరిగి, లెన్స్ వెనక్కి జారి గుడ్డు లోపల పడిపోయింది. సకాలంలో చేసి ఉంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆపరేషన్‌కు బదులు ఇప్పుడు విట్రెక్టమీ, అంటే కంటిగుడ్డు లోపల నిండి ఉండే జిగురులాంటి పదార్థాన్ని తీసే ఆపరేషన్ చేసి, జారిన లెన్స్‌ను బయటికి తీసి, కొత్త లెన్స్‌ను కంటి తెల్లగుడ్డుకు బిగించాలట. అది రెటీనా సర్జన్, అంటే కంటి వెనకభాగపు పొరకు ఆపరేషన్లు చేసే డాక్టర్ పని. జిల్లాలో ఆ సర్జన్ లేరు, హైదరాబాద్ పొమ్మన్నారు.

అయ్యా, రెండో కన్నూ మసకబారిన డెబ్బై ఏళ్ల మనిషి హైదరాబాద్ ఎలా పోగలడు? తోడు మనిషి లేనిదే ఆసుపత్రిలో చేర్చుకోరు. తోడు వెళ్లినవాడికి ఆ రోజు కూలి ఉండదు, ఉండటానికి చోటు ఉండదు. తీరా వెళితే మరో పరీక్ష రాసి, మరో తేదీ ఇచ్చి పంపిస్తారు. ఈలోగా కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటే, ఆ తరువాత ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా పోయిన చూపు తిరిగి రాదు. ఇది తెలిసీ ముసలివాళ్లను తేదీల చుట్టూ తిప్పడం అన్యాయం.

ఊరూరా కంటి పరీక్షలు చేసే కంటి వెలుగు పథకాన్ని 2018లో మెదక్ జిల్లా మల్కాపూర్‌లోనూ, రెండో విడతను 2023లో ఖమ్మంలోనూ మొదలుపెట్టి పల్లెపల్లెకూ కళ్లద్దాలు చేర్చిన యంత్రాంగానికి ఈ పని చేతకానిది కాదు. శిబిరాల్లో పెద్దవాళ్లకు చుక్కల మందు వేసి, కనుపాప విచ్చుకున్నాక కంటి లోపలిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడనివ్వండి. లెన్స్ కదులుతున్నట్టు కనిపించినవారిని వరుసలో వెనక నిలబెట్టకుండా ముందుగా పంపించండి. ప్రతి జిల్లా ఆసుపత్రికీ రెటీనా సర్జన్ వచ్చే రోజు ఒకటి నిర్ణయించి, ఆ రోజు తప్పకుండా వచ్చేలా చూడండి. మా పెద్దనాన్నకు రెండో కన్ను ఇంకా మిగిలే ఉంది. దానికైనా ఆపరేషన్ తేదీ ఇప్పించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైతు