4×5 కెమెరాతో త్వరగా

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ కెమెరాలో గ్రౌండ్ గ్లాస్ (దృశ్యం పడే వెనక గరుకు గాజు) మీద ఫోకస్ కుదిరేలోపే కొండ మీద ఎండ పోయిందని రాశావు. ఆ బాధ నాకు బాగా తెలుసురా. కానీ నీ చేతులు నెమ్మది అనుకోకు. కెమెరా విప్పకముందే తేల్చుకోవాల్సినవి విప్పాక తేల్చుకుంటున్నావు, టైమంతా అక్కడే పోతోంది.

ఒక అట్టలో 4×5 అంగుళాల కిటికీ కోసుకో. నీది 150 ఎం.ఎం. లెన్స్ కదా, ఆ అట్టని కంటికి 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే దాదాపు లెన్స్ చూసేదే నీకూ కనబడుతుంది. దాంతో అటూ ఇటూ నడువు, వంగి చూడు. చోటు నచ్చాకే ట్రైపాడ్ దించు. ఇదివరకు నేను దాన్ని మూడేసి సార్లు మోసేవాణ్ణి, ఇప్పుడు ఆ అవసరం రావట్లేదు.

టిల్ట్ గురించి, అంటే లెన్స్‌ని ముందుకి వంచడం గురించి అడిగావు. దగ్గరి రాళ్లూ దూరపు నేలా కలిసి స్పష్టంగా రావాలంటేనే వాడు, అదీ చాలాసార్లు కొద్ది డిగ్రీలు చాలు. మిగతాది ఎఫ్ 22, అంటే బాగా చిన్న అపర్చర్, చూసుకుంటుంది.

ఇక అసలు సంగతి, చేసే వరస ఎప్పుడూ మారకూడదు. మొన్న మబ్బు విడిపోతుంటే టెన్షన్‌లో షట్టర్ మూయకుండానే, ఫిల్మ్ ఉండే హోల్డర్‌కి మూతలాంటి డార్క్ స్లైడ్ లాగేశాను. ఆ షీట్ పోయింది, ఆ వెలుతురు మళ్లీ రాలేదు. అప్పటినుంచీ "మూశా, అపర్చర్ పెట్టా, కాక్ చేశా (షట్టర్ బిగించా)" అని పైకే అనుకుని, ఆ తర్వాతే హోల్డర్ పెడుతున్నా. ఫొటో అయ్యాక, ఆ షీట్ వాడేసిందని గుర్తుగా స్లైడ్ నల్లవైపు బయటికి తిప్పి పెట్టడం కూడా ఆ వరసలోదే.

1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర చంద్రోదయాన్ని తీసేటప్పుడు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌కి వెలుతురు కొలిచే లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అని ఆయనకి నోటికి వచ్చు. దాన్నిబట్టి లెక్కకట్టి 8×10 కెమెరాతో ఒక్క షీట్ తీశాడు. రెండోదానికి హోల్డర్ తిప్పేసరికి అక్కడి శ్మశానంలోని శిలువల మీది ఎండ పోయింది! ఆ అంకె అప్పటికే బుర్రలో లేకపోతే ఆ ఒక్కటీ దక్కేది కాదు కదరా.

ఫిల్మ్ ఖర్చేమీ లేదు, ఖాళీ హోల్డర్‌తో ఇంట్లోనే రోజూ పదిసార్లు చేసి చూడు. ట్రైపాడ్ దించిన దగ్గర్నుంచి క్లిక్ దాకా ఎంతసేపు పడుతోందో నాకు రాయి. నాకు మొదట్లో పన్నెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నాలుగు.

ఉంటాను రా.