గిన్నెలు వాళ్లనే తోమనీ

తెనాలి

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటే రాత్రంతా చెవిలో తిరిగింది. "ఆపరేషన్ అయినప్పటి నుంచి నా రూమ్మేట్లు ఇద్దరే వండుతున్నారు, గిన్నెలు తోముతున్నారు, నా బట్టలు కూడా ఆరేస్తున్నారు. నాకు సిగ్గుగా ఉందమ్మా, సోమవారం నుంచి ఆఫీసుకు పోతా" అన్నావు. ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

పొట్ట మీద కనిపించేవి మూడు చిన్న గాట్లు. వాటిని చూసి ఆపరేషన్ కూడా చిన్నదే అనుకుంటున్నావు. గ్యాసుతో పొట్ట ఉబ్బించి, అండాశయం నుంచి గడ్డను ఒలిచి తీశారు, మంచి భాగం పాడవకుండా కాపాడారు. ఆ లోపలి గాయం మానడానికి దాని టైము అది తీసుకుంటుంది. డాక్టరమ్మ రెండు వారాలు ఇంట్లో ఉండమన్నది అందుకే. మంచినీళ్ల క్యాను ఎత్తి పెట్టడం, తడిబట్టల బకెట్ మొయ్యడం లాంటివి ఆవిడ సరేననేదాకా వద్దే వద్దు.

బళ్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని కదా, ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1809లో అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో జేన్ క్రాఫర్డ్ అనే ఆవిడకు ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అనే డాక్టరు అండాశయం గడ్డ తీశాడు. గడ్డ పది కిలోల బరువు. మత్తుమందు ఇంకా రాని కాలం. గుర్రం మీద వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం చేసి ఆ డాక్టరు ఊరికి వెళ్లింది. అయిదో రోజుకి తన పక్క తానే సర్దుకుంటూ కనిపించిందట. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బతికింది. ఆవిడ గుండెధైర్యానికి దండం పెడతాను. కానీ నువ్వు మాత్రం పక్క సర్దుకోకు, ఆ పిల్లల్నే సర్దనీ.

ఆసుపత్రిలో పక్క బెడ్డు మీది పాలమూరు ఆవిడ గుర్తుందా? మర్నాడు పొద్దున భుజం పీకేస్తోందని నువ్వు హడలిపోతే, పొట్టకు ఆపరేషన్ అయితే భుజం ఎందుకు నొప్పి పెడుతుందో మనిద్దరికీ అంతుపట్టలేదు. "గ్యాసు బిడ్డా, గట్లనే ఉంటది. లేసి నడువు, పోతది" అని ఆవిడే చెప్పింది. తర్వాత డాక్టరమ్మ కూడా అదే అన్నది. నింపిన గ్యాసు కొంత లోపల మిగిలి ఊపిరితిత్తుల కింది పొరను ఒరుసుకుంటుందట, ఆ పొర నరమూ భుజం నరమూ మెడలో ఒకే చోటు నుంచి వస్తాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. మంచం మీంచి లేవడం కూడా ఆ పాలమూరు ఆవిడే నేర్పింది. ముందు పక్కకు తిరగాలి, మోకాళ్లు మడవాలి, కాళ్లు మంచం కిందికి జార్చి మోచెయ్యి ఆనించి లేవాలి. దగ్గొస్తే పొట్ట మీద దిండు అదిమి పట్టుకోవాలి.

ఆ రాత్రి ఆవిడ ఏడుస్తుంటే నువ్వేం చేశావు? లేచి వెళ్లి మంచం పక్కన కూర్చున్నావు. ఆవిడ కాగితాల్లో చాక్లెట్ సిస్టు అని ఉంటే, నెలసరిలో వచ్చేలాంటి నెత్తురే అండాశయం లోపల పేరుకుని చాక్లెట్ లాంటి ముదురు రంగుకు తిరుగుతుందని, అది క్యాన్సర్ కాదని విడమరిచి చెప్పావు. అక్కా అని పిలిచావు. పొద్దున ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తుంటే నేను చూశాను. ఇందులో ఎవరు ఎవరికి బాకీ? నీ గదిలో పిల్లల దగ్గరా అంతే. కరోనా అప్పుడు ఆ చిన్నపిల్లకు జ్వరమొస్తే తలుపు దగ్గర జావ పెట్టి వచ్చినదానివి నువ్వు కాదూ?

నీది డెర్మాయిడ్. లోపల కొవ్వూ వెంట్రుకలూ ఉన్నాయని విని నీకు వెగటు పుట్టింది, నాకు తెలుసు. అండాన్ని తయారుచేసే కణాలకు ఏ కణజాలాన్నైనా పుట్టించే శక్తి ఉంటుంది, అందుకే ఆ గడ్డలో చర్మం, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. బయట తిన్న తిండివల్లో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవడంవల్లో వచ్చింది కాదు. దాన్ని వదిలేస్తే అండాశయం మెలి తిరిగి నెత్తురు అందకుండా పోయే ప్రమాదం ఉందని ముందే తీశారు, మంచి పని చేశారు.

పెద్దత్త మొన్న వచ్చి, పెళ్లి కావాల్సిన పిల్ల, అడిగిన వాళ్లకు అపెండిక్స్ అని చెబుదాం అన్నది. ఒప్పుకోలేదమ్మా. అండాశయంలో గడ్డ, తీసేశారు, పిల్ల బాగుంది అనే చెబుతున్నాను. రెండు అండాశయాలూ ఉన్నాయి. ఒక్కటే ఉన్నా నెలసరి వస్తుంది, పిల్లలు పుడతారు. దాచిపెడితే నీకు సాయం ఎవరు చేస్తారు, ఏమని చేస్తారు?

నాయనమ్మ మాత్రం పప్పు పెట్టొద్దు, చీము పడుతుందని ఒకటే గోల. ఆవిడ ప్రేమ అది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి కాబట్టి పప్పూ, గుడ్డూ, పెరుగూ అన్నీ తిను. నీళ్లు బాగా తాగు, మలబద్ధకం వస్తే ముక్కాల్సి వస్తుంది, పొట్ట పట్టేస్తుంది. కరివేపాకు కారం బస్సు పార్సిల్లో వేశాను, సీసాలు మూడు. రెండు వాళ్లకి.

జ్వరం నూరు డిగ్రీలు దాటినా, గాటు ఎర్రబడి చీము కారినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, వాంతులు ఆగకపోయినా ఆఫీసు గీఫీసు చూడకు. ఆ పిల్లలను లేపి ఆసుపత్రికి వెళ్లు, అర్ధరాత్రైనా సరే. రివ్యూకి వెళ్లినప్పుడు బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకో. మళ్లీ స్కానింగ్ ఎప్పుడో కూడా కనుక్కో, డెర్మాయిడ్ కొందరికి మళ్లీ వస్తుందట.

ఇంకో మాట. మన జాకెట్లు కుట్టే ఆవిడ నీ సంగతి విని, తన కూతురికీ స్కానింగ్‌లో గడ్డ అని తేలిందని, ఆపరేషన్ అంటే ఆ పిల్ల అన్నం మానేసి కూర్చుందని చెప్పింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నీ నంబరు ఇవ్వనా? నువ్వు సరేనంటేనే ఇస్తాను. కాలేజీ నుంచి ఆరింటికి వస్తుందట, ఆ తర్వాత మాట్లాడొచ్చు.

అమ్మ