టెక్ సూట్ అడిగిన మా అమ్మాయికి

సికింద్రాబాద్,
మంగళవారం రాత్రి

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం వ్రాయడం నీకు వింతగా తోచవచ్చు. ఎదురెదురుగా కూర్చుంటే మన ఇద్దరికీ మాట తొందర ఎక్కువ, ఆదివారం భోజనాల దగ్గర జరిగింది అదే. ఒంటిని బిగించి పట్టి నీటిలో వేగానికి సాయపడే ఈత దుస్తు, 32,000 రూపాయల టెక్ సూట్ నువ్వు అడిగావు, నేను ‘చూద్దాంలే’ అన్నాను, నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయావు. గచ్చిబౌలిలో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో నీకంటే ముందు గోడ ముట్టిన ముగ్గురూ ఆ సూట్లే వేసుకున్నారనీ, మూడో అమ్మాయికీ నీకూ మధ్య తేడా 0.38 సెకన్లేననీ చెప్పి, ఇది న్యాయమేనా అని అడిగావు. న్యాయం గురించి అడిగిన బిడ్డకు డబ్బు ఇబ్బంది చెప్పి తప్పించుకోవడం తండ్రికి తగదు కనుక, నాకు తెలిసినదంతా ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ గొడవ నువ్వు పుట్టకముందే ఈత ప్రపంచాన్ని కుదిపేసింది. 2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ అనే సూట్‌ను విడుదల చేసింది. దాని బట్టను నాసా వారి విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని వేగంగా వీయించి చూసే సొరంగంలో, పరీక్షించారు, అతుకులను కుట్టకుండా అల్ట్రాసౌండ్‌తో అతికించారు, ఒంటిని బిగించి పట్టేందుకు పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్ ముక్కలను అమర్చారు. గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రత గల నీటిలో మనిషి వేగం అతని ఒంటి ఆకారం మీద చాలా ఆధారపడి ఉంటుంది. చివరి 25 మీటర్లలో నడుము కుంగి, కాళ్లు కిందికి జారి, నీరు వెనక్కి లాగుతున్నట్టు ఉంటుందని నువ్వే ఎన్నోసార్లు చెప్పావు. ఆ కుంగుబాటును కండలు ఆపవలసిన చోట ఆ సూట్ ఆపింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతలో 25 ప్రపంచ రికార్డులు బద్దలైతే, వాటిలో 23 ఆ సూట్ వేసుకున్నవారివే. అంతకు రెండు నెలల ముందు జపాన్ ఈతగాడు కొసుకే కితజిమా, సూట్ల చర్చ తప్ప మరో మాట వినిపించని ఒక పోటీకి ‘ఈదేది నేను’ అని వ్రాసి ఉన్న టీ షర్ట్ వేసుకుని వచ్చాడు. ఆ పోటీలోనే అతడు ఆ సూట్‌తో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ప్రపంచ రికార్డు సృష్టించాడు. అంతటి ఆటగాడు ఆ మాటను ఒంటిమీద వ్రాసుకోవలసి రావడం తలచుకుంటే నాకు ఈనాటికీ బాధ కలుగుతుంది.

మరుసటి ఏడాది పూర్తిగా పాలీయురేథేన్‌తో చేసిన సూట్లు వచ్చాయి. వాటిలోకి నీరు ఇంకదు, పైగా అవి ఒంటిని నీటిమీద మరికొంత తేలుస్తాయి. 2009లో రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు కూలిపోయాయి. బీజింగ్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1:46.00లో ముగించి ఐదో స్థానంలో నిలిచిన జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్, రోమ్‌లో అదే దూరాన్ని 1:42.00లో ఈది అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. ఒక్క ఏడాదిలో నాలుగు సెకన్లు! బీడర్‌మన్‌ను నేను తక్కువ చేయడం లేదు. సూట్ తనకు సాయపడిందని అతడే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు, ఆ సూట్లు పోయాక 2011 ప్రపంచ పోటీల్లోనూ రెండు కాంస్యాలు గెలిచాడు. ఫెల్ప్స్ కూడా 2008లో బీజింగ్‌లో అందరికంటే మేలైన సూట్‌తోనే ఎనిమిది స్వర్ణాలు గెలిచాడన్నది మరువకూడదు. అప్పటి అంతర్జాతీయ సమాఖ్య ఫీనా 2010 జనవరి 1 నుంచి నిబంధన మార్చింది. నీరు ఇంకే బట్టే ఉండాలి, పురుషులకు నడుము నుంచి మోకాళ్ల వరకు, స్త్రీలకు భుజాల నుంచి మోకాళ్ల వరకు మాత్రమే ఉండాలి, జిప్పులు ఉండకూడదు. పాత రికార్డులను మాత్రం కొట్టివేయలేదు. రోమ్‌లో బీడర్‌మన్ నెలకొల్పిన 400 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డును అతని దేశస్థుడే అయిన లుకాస్ మార్టెన్స్ 2025 ఏప్రిల్‌లో గాని దాటలేకపోయాడు, అదీ 0.11 సెకన్ల తేడాతో. ఆ సూట్ల నీడ దాదాపు పదహారేళ్లు ఒక తరం మీద పడింది.

ఇక నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. 2009లో నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా కాలేజీల మధ్య జరిగిన పోటీలో వంద మీటర్ల ఫ్రీస్టైల్ ఈదాను. విదేశంలో బంధువులు ఉన్న ఒక సీనియర్ తన దగ్గరున్న అటువంటి సూట్‌ను ఆ పూటకు నాకు ఇచ్చాడు. అది వేసుకోవడానికి అరగంట పట్టింది, వెనుక జిప్పు లాగడానికి ఇద్దరు కావలసివచ్చింది. అంతవరకు 1:02 దాటి కిందికి రాని నేను ఆ రోజు 59.6లో గోడ ముట్టాను. పక్క లేన్‌లో ఉన్నది, రోజూ తెల్లవారుజామున నాతోనే నీళ్లలోకి దిగే స్నేహితుడు. బక్కపలుచని మనిషి, నీటిమీద బాణంలా తిన్నగా సాగేవాడు, ప్రాక్టీసులో నేను అతణ్ణి ఒక్కసారి కూడా దాటలేదు. ఆ రోజు నాకు మూడో స్థానం, అతనికి నాలుగో స్థానం వచ్చాయి. ముగ్గురినే జట్టులోకి తీసుకున్నారు. అతడు లేన్ తాడు మీదుగా చేయి చాచి నన్ను అభినందించాడు, సూట్ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సూట్ నిషేధం కాకముందు జరిగిన పోటీ కనుక నిబంధన ప్రకారం నేను తప్పు చేయలేదు. అయినా ఆ 59.6లో నా వంతు ఎంత అన్న ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. తర్వాత ఎంత కష్టపడినా ఒక నిమిషం లోపు మళ్లీ ఈదలేకపోయాను.

నేను నేర్చుకున్నది అక్కడే తల్లీ. సాయపడే వస్తువల్లా అన్యాయం కాదు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ ఈత కళ్లద్దాలు లేకుండానే ఏడు స్వర్ణాలు గెలిచాడు, 1976 నుంచి ఒలింపిక్స్‌లో గాగుల్స్‌ను అనుమతించారు, వాటివల్ల ఆట చెడిపోలేదు. బీజింగ్ కొలను లోతు మూడు మీటర్లు, అలలు తక్కువగా లేచేందుకు అది తోడ్పడింది, కాని ఆ లోతు ఎనిమిది లేన్లకూ ఒక్కటే. రేసు మొదట్లో నీళ్లలోకి దూకే దిమ్మ, అదే స్టార్టింగ్ బ్లాక్ మీద వెనుక కాలికి పెట్టే ఆనింపు కూడా అంతే. సూట్ అలా కాదు. కొన్నవారికే దక్కుతుంది, దక్కినవారిలోనైనా అందరికీ ఒకే లాభం ఇవ్వదు. నడుము బలం తక్కువై, ఒళ్లు కొంచెం సడలిన నాలాంటివాడికి అది ఎక్కువ మేలు చేసింది. ఏళ్ల తరబడి సాధనతో ఒంటిని తీర్చిదిద్దుకున్న నా స్నేహితుడు అదే సూట్ వేసుకున్నా అతనికి అంత మేలు జరిగేది కాదేమో. అసలు ఎవరు మేటి అన్నది తెలుసుకునే వీలునే ఆ పోటీ పోగొట్టుకుంది.

ఇప్పటి సూట్లు నాటివి కావు. ఆమోదించిన జాబితాలోనివే వేసుకోవాలి, వాటివల్ల వచ్చే లాభమూ అప్పటికంటే తక్కువే. గచ్చిబౌలిలో ఆ ముగ్గురు అమ్మాయిలూ తప్పు చేయలేదు, వాళ్ల మీద కోపం పెట్టుకోకు. పెద్దల పోటీల్లో అందరూ వేసుకుంటారు కనుక అక్కడ ఆ సూట్ ఒక రకంగా యూనిఫాం లాంటిది. ఎదిగే వయసు పిల్లల పోటీల్లో మాత్రం లేన్ తేడా కంటే ఇళ్ల తేడా ముందు కనబడుతోంది. కొన్ని పోటీలకే బిగువు తగ్గిపోయే సూట్, ఆరు నెలలకే ఆ సూట్‌ను మించి ఎదిగిపోయే ఒళ్లు, దానికి 32,000 రూపాయలు! అమెరికా ఈత సమాఖ్య 2020 సెప్టెంబరు నుంచి పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు చాలా పోటీల్లో టెక్ సూట్లను నిషేధించింది. ఆ వయసు నువ్వు దాటావు, అయినా నీ వెనుక వచ్చే చిన్నపిల్లలకు ఇక్కడ కూడా అటువంటి నియమం ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ బ్యాచ్ తల్లిదండ్రులు కొందరితో మాట్లాడాను, కలిసి ఒక వినతిపత్రం వ్రాస్తున్నాం.

ఇక నీ సంగతి. ఈ సీజన్‌కు ఆ సూట్ కొనను. జాతీయ పోటీలకు ఎంపికైన రోజున నువ్వు అడగకముందే కొంటాను, ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెడుతున్నాను. నీ రేసు వీడియో పదిసార్లు చూశాను. టర్న్, అంటే గోడ దగ్గర మలుపు తిరిగిన తర్వాత మొదటి స్ట్రోక్‌లోనే ఊపిరి కోసం తల తిప్పుతున్నావు. అయితే ఆ 0.38లో టర్న్ వంతు ఎంతో, సూట్ వంతు ఎంతో నేను చెప్పలేను, మీ కోచ్ సార్ కూడా చెప్పలేరు. నీకు జరిగిన నష్టం నిజమైనదే, నీ కోపంలో న్యాయం ఉంది.

ఆ కాలేజీ పోటీలో వచ్చిన నా సర్టిఫికెట్ బీరువా కింది అరలో, నీ బర్త్ సర్టిఫికెట్ ఉన్న కవరులోనే ఉంది. తీసి చూడు. రేపు పొద్దున ఎప్పటిలాగే ఐదున్నరకు బయలుదేరుదాం. ఇందులో నువ్వు ఒప్పుకోని మాట ఉంటే దారిలో చెప్పు, బండి నెమ్మదిగానే నడుపుతాను.

ఇట్లు,
నీ నాన్న