పేజీ తగ్గిన గ్రంథం అమ్మకూడదు

సంపాదకుల వారికి,

పుస్తక ప్రదర్శనల కాలం వస్తోంది. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ. పారాయణ గ్రంథాలు, వ్యాఖ్యానాలు కొని పల్లెలకు పట్టుకెళ్లేవాళ్లు ఎందరో ఉంటారు. ఇంటికెళ్లి తెరిస్తే 48వ పేజీ తరవాత 65 కనిపిస్తుంది. అప్పటికి స్టాలు ఎత్తేసి ఉంటారు. అచ్చులో ఇలాంటివి మామూలే అంటూ మన ప్రచురణకర్తలు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. దీన్ని అధర్మంగా ఎంచిన ఒక యూదు పుస్తక విక్రేతను ఈ సందర్భంగా తలచుకోవాలి.

ఆయన రబ్బీ (యూదు మతగురువు) ఇస్రాయేల్ మేయిర్ కగాన్. ఊరు రదూన్. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలోది, ఇప్పుడు బెలారస్‌లో ఉంది. చాడీలు, పరనింద విషయంలో యూదు ధర్మశాస్త్రం ఏం చెబుతుందో వివరిస్తూ 1873లో విల్నాలో (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) తొలి పుస్తకం అచ్చు వేయించారు. దాని మీద తన పేరు వేసుకోలేదు. పుస్తకం పేరు 'హఫేత్స్ హయీం', అంటే బతుకు కోరేవాడు. బైబిల్ 34వ కీర్తనలోని మాట అది. చివరికి లోకం ఆయన్నే ఆ పేరుతో పిలిచింది. రదూన్‌లో భార్య చిన్న కిరాణా కొట్టు నడిపేది. ఆయన తన పుస్తకాలు తానే ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. పొద్దస్తమానం చదువే, అమ్మకం పొట్ట కోసం మాత్రమే.

అయితే ఆ అమ్మకంలోనూ శాస్త్రం తప్పలేదు. పుస్తకం కొనేవాడి చేతికి వెళ్లేముందు ప్రతి కాపీనీ ఆకు ఆకూ తిప్పి సరిచూసేవారు, ఇంట్లోవాళ్ల చేత చూపించేవారు. ఆకు పోయినా, అచ్చు అలుక్కుపోయినా ఆ కాపీ పక్కకే. 1884 నుంచి 1907 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించిన 'మిష్నా బ్రూరా' (యూదుల నిత్యాచారాల మీద ఆయన వ్యాఖ్యానం) పాత కాపీల మీద 'ముగా' అని చేతిరాత కనిపిస్తుంది. 'సరిచూడబడింది' అని దాని అర్థం. ఆ మాట యూదుల ధర్మచర్చల మహాగ్రంథమైన తల్ముద్ నుంచి వచ్చింది. తప్పులు దిద్దని గ్రంథాన్ని ముప్పై రోజులకు మించి ఇంట్లో ఉంచుకోకూడదని కెతుబోత్ భాగం 19వ ఆకులో ఉంది. ఇంట్లో ఉంచుకోవడమే తప్పయితే, డబ్బు తీసుకుని అమ్మడం సంగతి వేరే చెప్పాలా? అదే భాగం 50వ ఆకులో, గ్రంథాలు రాసి ఇతరులకు ఎరువిచ్చేవాడి పుణ్యం తరగదని ఉంది. దయకు కూడా లెక్కాపత్రం ఉండాలన్నది కగాన్ నమ్మకం. ఎవరికి, ఎప్పుడు, ఎలా అప్పివ్వాలో వివరిస్తూ 1888లో 'అహవత్ హెసెద్' అనే పుస్తకమే రాశారు.

ఒక్క ఆకు పోతే ఏమవుతుందని అడిగేవారికి ఒక మాట. 1923 నుంచి యూదులు లోకమంతటా రోజుకొక ఆకు చొప్పున తల్ముద్ చదువుతున్నారు. 2,711 ఆకులు, సుమారు ఏడున్నరేళ్ల చదువు. ఆకు లేనివాడికి ఆ రోజు పాఠం లేదు. మన భాగవత సప్తాహమూ అంతే, నాలుగో రోజు ఫారం (ఒకే షీటు మీద అచ్చయి మడతపడే పేజీల కట్ట) లేకపోతే పారాయణ ఆగిపోతుంది. (తల్ముద్‌లో దాదాపు ప్రతి భాగమూ రెండో ఆకుతోనే మొదలవుతుంది. ముఖపత్రాన్ని ఒకటో ఆకుగా లెక్కపెడతారు. కొత్తవాళ్లు ఆకు పోయిందని కంగారుపడతారు, అది లోపం కాదు.)

సరిచూడడం కష్టమేమీ కాదు. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు. 320 పేజీల పుస్తకమంటే 20 ఫారాలు. 1, 17, 33, 49 ఇలా ఫారం మొదలయ్యే ఇరవై చోట్ల తెరిస్తే చాలు. దొంతరల నుంచి ఫారాలు ఏరేటప్పుడు చెయ్యి తప్పితే ఒకటి పోతుంది, లేదా ఒకటే రెండుసార్లు పడుతుంది. గమ్ బైండింగ్ అయ్యాక ఫారాల వరుస తెలిపే వెన్ను మీది గుర్తులు కనపడవు కాబట్టి పేజీ అంకెలే ఆధారం. ఇక్కడ ఒక మెలిక ఉంది. మెషీన్‌లోకి రెండు షీట్లు అంటుకుని వెళితే ఒక షీటుకు ఒకవైపు అచ్చు పడకపోవచ్చు. ఫారంలో 1, 4, 5, 8, 9, 12, 13, 16 ఒకవైపువి, మిగిలినవి రెండోవైపువి. అందుకే 17 మాత్రమే చూసి వదిలేస్తే రెండోవైపు తెల్లగా ఉన్నది పట్టుబడదు. ఆకు తిప్పి 18 కూడా చూడాలి. కాపీకి నిమిషం వేసుకున్నా వెయ్యి కాపీలకు పదహారు, పదిహేడు గంటలు. ఒక మనిషికి రెండు రోజుల పని.

ప్రచురణకర్తలకు రెండు విన్నపాలు. అచ్చు ముగిశాక మిగిలే ఫారాలను చిత్తు కాగితాల కింద తూకానికి వేయకండి. ఒక్కో ఫారం పది పాతిక కాపీలు కట్టగట్టి దాచి, పేజీలు లేవని పాఠకుడు ఉత్తరం రాస్తే ఆ ఫారం మీ ఖర్చుతో పోస్టులో పంపండి. రెండోది, ప్రదర్శనకు వచ్చే ప్రతి కాపీ లోపలి అట్ట మీద 'సరిచూశాం' అని ముద్ర వేసి, చూసినవారి చేత పొడి సంతకం పెట్టించండి.

— ఒక పాఠకుడు, తెనాలి